ఊదనని భీష్మించుకుంటే కేసు పోతుందా?

మీరు అడిగినదాన్ని ముందు క్లుప్తంగా చెప్పుకుందాం. శనివారం రాత్రి హైదరాబాద్‌లో తనిఖీ దగ్గర మీ తమ్ముడి బైకు ఆపారు. బ్రీత్ అనలైజర్‌లో ఊదనన్నాడు. స్టేషన్‌కు తీసుకెళ్లి మళ్లీ అడిగినా అదే మాట. అక్కడి నుంచి ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లి రక్తం తీయించారు. రిపోర్టు ఇంకా రాలేదు. బైకూ లైసెన్సూ పోలీసుల దగ్గరే ఉన్నాయి. మెషీన్‌లో అంకె రాలేదు కాబట్టి కేసు నిలవదని స్నేహితుడెవరో ధైర్యం చెప్పాడు. ఉబ్బసం వల్ల ఊదలేకపోయానని ఇప్పుడు చెప్పుకోవచ్చా అన్నది మీ రెండో ప్రశ్న. పైచదువుకు అమెరికా వెళ్లాల్సినవాడు కదా, ఆ వీసా సంగతి మీ అసలు కంగారు.

స్నేహితుడు చెప్పినదానిలో కొంత నిజం లేకపోలేదు. మోటారు వాహనాల చట్టం, 1988లో తాగి నడపడం గురించి చెప్పే సెక్షన్ 185 ఒక అంకె మీద నిలబడి ఉంది. వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాల్ ఉన్నట్టు పరీక్షలో తేలాలి. ఆ అంకె లేకుండా కళ్లు ఎర్రగా ఉన్నాయి, నోటి దగ్గర వాసన వచ్చింది, నడక తూలింది అంటే సరిపోదు. 1971లోనే సుప్రీంకోర్టు ఒక ప్రమాద కేసులో ఈ లక్షణాలు ఉన్నంత మాత్రాన మనిషి తాగి ఉన్నాడని తేల్చలేమని చెప్పింది. పరీక్ష చేయకుండా వాసన ఆధారంగా పెట్టిన కేసులను హైకోర్టులు కొట్టేసిన సందర్భాలూ ఉన్నాయి. మీ స్నేహితుడు ఇలాంటిదేదో విని ఉంటాడు.

అయితే ఆ తీర్పులను చదివేటప్పుడు ఒక్క విషయం చూసుకోవాలి. పోలీసులు పరీక్ష చేయకపోవడం వేరు, చేస్తామంటే మనిషి ఒప్పుకోకపోవడం వేరు. మొదటిది పోలీసుల లోపం, దాని ఫలితం నిందితుడికి దక్కుతుంది. రెండోదానికి చట్టంలో విడిగా సెక్షన్ 205 ఉంది. శ్వాస గానీ రక్తం గానీ ఇవ్వమని పోలీసు అధికారి అడిగినప్పుడు ఇవ్వలేదని రుజువైతే, అలా ఇవ్వకపోవడానికి సహేతుకమైన కారణం చూపించకపోతే, ఆ నిరాకరణను ప్రాసిక్యూషన్ సాక్ష్యాన్ని బలపరిచే పరిస్థితిగా, లేదా నిందితుడి సాక్ష్యాన్ని ఖండించే పరిస్థితిగా కోర్టు భావించవచ్చు. ‘భావించవచ్చు’ అనే ఉంది, ‘భావించాలి’ అని లేదు. కాబట్టి నిరాకరణ ఒక్కటే శిక్షకు చాలదు, మిగతా సాక్ష్యానికి ఊతం మాత్రం ఇస్తుంది. ఎస్ఐ తన సాక్ష్యంలో మాట తడబడింది, బండి స్టాండు వేయలేకపోయాడు అని చెబితే మామూలుగా డిఫెన్సు లాయరు దాన్ని తేలిగ్గా తీసిపారేయగలడు. ‘మరి ఊదమంటే ఎందుకు ఊదలేదు?’ అన్న ప్రశ్న పక్కన నిలబడితే అదే సాక్ష్యానికి బరువు పెరుగుతుంది.

ఇక ఆ రాత్రి జరిగినదానికి వద్దాం. సెక్షన్ 203 ప్రకారం యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారి, తాగి నడుపుతున్నాడని అనుమానించడానికి తగిన కారణం ఉంటే, అక్కడో దగ్గరలోనో ఊదమని అడగవచ్చు. ఒకసారి కాదు, ఒకటికి మించిన నమూనాలూ అడగవచ్చు. ఊదితే, మెషీన్ ఆల్కహాల్ చూపిస్తే, వారంటు లేకుండా అరెస్టు చేయవచ్చు. ఊదకపోయినా, తాగాడన్న అనుమానానికి కారణం ఉంటే, అదే సెక్షన్‌లోని నాలుగో ఉపసెక్షన్ కింద వారంటు లేకుండానే అరెస్టు చేయవచ్చు. ఇక్కడే చాలామంది లెక్క తప్పుతుంది. మీ తమ్ముడి ఒంట్లో ఆ సమయానికి 20 మాత్రమే ఉందనుకోండి. ఊది ఉంటే రెండు నిమిషాల్లో బండెక్కి ఇంటికి పోయేవాడు. ఊదనన్నందుకు స్టేషన్‌కు వెళ్లాడు, ఆసుపత్రికి వెళ్లాడు, అరెస్టయ్యాడు. తక్కువ తాగినవాడికే నిరాకరణ వల్ల ఎక్కువ నష్టం.

మెషీన్ దగ్గర ఊదినట్టు నటించేవాళ్ల సంగతి కూడా చెప్పాలి. గొట్టాన్ని పళ్లతో కరిచి పట్టుకుని బుగ్గలు మాత్రం ఉబ్బించడం, గాలి లోపలికి పీల్చడం, పెదాల పక్క నుంచి వదిలేయడం. మెషీన్‌కు కొన్ని క్షణాల పాటు ఆగకుండా గాలి అందాలి, అప్పుడే బీప్ వచ్చి అంకె పడుతుంది. గాలి చాలకపోతే నమూనా చాలలేదనే చూపిస్తుంది. రెండుమూడు సార్లు అలా వస్తే అధికారి దాన్ని నిరాకరణగానే రాసుకుంటాడు, ఎందుకంటే చట్టంలో ‘నిరాకరించినా’ అని మాత్రమే కాదు, ‘ఇవ్వడంలో విఫలమైనా’ అని కూడా ఉంది. లవంగం, తమలపాకు, పుదీనా బిళ్లలు వాసనను కప్పుతాయి తప్ప ఊపిరితిత్తుల నుంచి వచ్చే ఆల్కహాల్‌ను కప్పలేవు. ఆల్కహాల్ ఉన్న మౌత్‌వాష్‌తో పుక్కిలించి వస్తే అంకె కాసేపు పెరుగుతుంది కూడా.

అరెస్టు చేశాక స్టేషన్‌లో ఊదడానికి మరో అవకాశం ఇవ్వాలని సెక్షన్ 203(5) చెబుతుంది. మీ తమ్ముడికి ఇచ్చారని మీరే రాశారు. అక్కడా కాదంటే సెక్షన్ 204 మొదలవుతుంది. పోలీసులు పిలిపించిన రిజిస్టర్డ్ డాక్టరుకు రక్తం ఇవ్వాలి. మహిళ అయితే, డాక్టరు పురుషుడైతే, మరో మహిళ సమక్షంలోనే తీయాలి. దీనికి తోడు, పాత సీఆర్‌పీసీ స్థానంలో 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో సెక్షన్ 51 ఉంది. అరెస్టయిన వ్యక్తిని పరీక్షిస్తే నేరానికి సాక్ష్యం దొరుకుతుందని నమ్మడానికి కారణం ఉన్నప్పుడు, పోలీసుల కోరిక మీద డాక్టరు రక్తం తీయవచ్చు, అందుకు అవసరమైన మేరకు బలం వాడవచ్చు. అంటే ఊదడానికి ఒప్పుకోని మనిషి నుంచి రక్తం రాకుండా ఆపగలిగే గోడ ఏదీ లేదు. ఇక రక్త పరీక్ష మెషీన్ కంటే కచ్చితమైనది, కోర్టులో తప్పుబట్టడం మరింత కష్టం. బలహీనమైన సాక్ష్యాన్ని తప్పించుకోబోయి బలమైనదాన్ని చేతులారా తెచ్చి ఇచ్చినట్టయింది.

‘నాకు వ్యతిరేకంగా నన్నే సాక్ష్యం ఇమ్మంటారా, రాజ్యాంగంలో 20(3) ఉంది కదా’ అని చదువుకున్న కుర్రాళ్లు తరచూ వాదిస్తారు. ఈ వాదన ఎప్పుడో తేలిపోయింది. 1961లో కాఠీ కాలూ ఓఘడ్ కేసులో పదకొండు మంది న్యాయమూర్తుల ధర్మాసనం వేలిముద్రలు, చేతిరాత నమూనాలు ఇవ్వడం తనకు వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పడం కిందికి రాదని తేల్చింది. 2010లో సెల్వి కేసులో నార్కో పరీక్షలను, లై డిటెక్టర్‌ను సమ్మతి లేకుండా చేయరాదన్నప్పుడు కూడా, మనసులోని మాటను బయటికి లాగడానికీ ఒంటి నుంచి భౌతికమైన నమూనా తీసుకోవడానికీ ఉన్న తేడాను సుప్రీంకోర్టు చెరపలేదు. శ్వాస, రక్తం రెండో కోవలోవి.

అమెరికా వీడియోలు చూసి ‘ఊదకు, లాయరును పిలువు’ అనే సలహా మనవాళ్ల మధ్య తిరుగుతున్నట్టుంది. నిజానికి అక్కడ కూడా అది అంత తెలివైన సలహా కాదు. రోడ్డు మీద బండి నడుపుతున్నావంటేనే పరీక్షకు ఒప్పుకున్నట్టు అని అక్కడి రాష్ట్రాల చట్టాలు భావిస్తాయి. అరెస్టయ్యాక పరీక్షకు ఒప్పుకోకపోతే, తాగి నడిపిన కేసు తర్వాత కొట్టేసినా లైసెన్సు సస్పెన్షన్ వేరుగా పడవచ్చు. అరెస్టు సందర్భంలో శ్వాస పరీక్షకు వారంటు అక్కర్లేదని, రక్తానికి మాత్రం మామూలుగా వారంటు ఉండాలని 2016లో అక్కడి సుప్రీంకోర్టు బర్చ్‌ఫీల్డ్ కేసులో చెప్పింది. బ్రిటన్‌లోనైతే సరైన కారణం లేకుండా నమూనా ఇవ్వకపోవడమే ప్రత్యేక నేరం. మన చట్టంలో నిరాకరణకు అలాంటి విడి శిక్ష లేదు. అధికారి చట్టబద్ధంగా ఇచ్చిన ఆదేశాన్ని ఉద్దేశపూర్వకంగా పాటించలేదని సెక్షన్ 179 కింద 2,000 రూపాయల వరకు జరిమానా వేయవచ్చు, అంతే. మన దగ్గర దెబ్బంతా అరెస్టు, రక్త పరీక్ష, 205 రూపంలో పడుతుంది.

నిరాకరణ గొడవగా మారితే కథ వేరు. మెషీన్‌ను తోసేయడం, కానిస్టేబుల్ చేయి విదిలించడం, ‘నేనెవరో తెలుసా’ అంటూ ముందుకు దూకడం. విధి నిర్వహణలో ఉన్న ప్రభుత్వ ఉద్యోగిని అడ్డుకోవడం, పాత ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 221 కింద మూడు నెలల వరకు జైలు. చేయి చేసుకుంటే, బలప్రయోగం చేస్తే సెక్షన్ 132 కింద రెండేళ్ల వరకు. 185 కేసు జరిమానాతో ముగిసిపోవచ్చు, ఈ కేసులు అంత తేలిగ్గా వదలవు. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకోవడమంటే ఇదే. మీ తమ్ముడు మాటలతోనే ఆగాడని మీరు రాశారు కాబట్టి ఈ బెడద లేదు.

శిక్షల సంగతి. సెక్షన్ 185 కింద మొదటిసారి అయితే ఆరు నెలల వరకు జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. రెండోసారి రెండేళ్ల వరకు జైలు, లేదా 15,000, లేదా రెండూ. 2019 సవరణకు ముందు మూడేళ్ల లోపు మళ్లీ పట్టుబడితేనే ‘రెండోసారి’ అనేవారు, ఆ గడువును తీసేశారు. ఈ నేరానికి రోడ్డు మీదో ఆన్‌లైన్‌లోనో చలానా కట్టి బయటపడే వీలు లేదు, మేజిస్ట్రేటు ముందుకు వెళ్లాల్సిందే. బెయిలు ఇవ్వదగిన నేరమే కాబట్టి స్టేషన్‌లోనే పూచీకత్తు మీద వదులుతారు.

జరిమానా కంటే నన్నడిగితే లైసెన్సు గురించి ఎక్కువ ఆలోచించాలి. శిక్ష పడితే కనీసం ఆరు నెలల పాటు నడపడానికి అనర్హుడిగా కోర్టు ప్రకటించాలని సెక్షన్ 20(2) చెబుతుంది. దానికి ముందే, పోలీసులు లైసెన్సును స్వాధీనం చేసుకుని రవాణా శాఖకు పంపితే, సెక్షన్ 19 కింద వాళ్లు మొదటిసారి అయితే మూడు నెలలు సస్పెండ్ చేయవచ్చు, రెండోసారి అయితే రద్దే చేయవచ్చు. అయితే మీ వాదన వినకుండా అలా చేయకూడదు. నోటీసు వస్తే పక్కన పడేయకుండా వెళ్లి జవాబివ్వండి. చాలామంది బండి తెచ్చుకునే తొందరలో మొదటి వాయిదాకే నేరం ఒప్పుకుని డబ్బు కట్టేసి వస్తారు, అనర్హత ఆదేశం చేతికి వచ్చాక తెల్లబోతారు.

బండి కోసం నేరం ఒప్పుకోనక్కర్లేదు. తాగినవాడు నడపకుండా ఆపడం వరకే పోలీసుల అధికారమని, పక్కన తాగని మనిషి లైసెన్సుతో ఉంటే అతనికి అప్పగించాలని, లేకపోతే బంధువునో స్నేహితుడినో పిలిపించి ఇవ్వాలని, ఎవరూ రాకపోతేనే స్టేషన్‌లో భద్రపరచాలని తెలంగాణ హైకోర్టు 2021 నవంబరులో ఆదేశించింది. ఆర్సీ, యజమాని గుర్తింపు కార్డు, లైసెన్సు ఉన్న ఒక మనిషిని వెంటబెట్టుకుని స్టేషన్‌కు వెళ్లి లిఖితపూర్వకంగా అడగండి.

ఇప్పుడు ఉబ్బసం. ఇది నిజంగా ‘సహేతుకమైన కారణం’ కాగలదు. ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్లు అంత గాలి ఆగకుండా వదలలేకపోవడం ఉన్నదే. కానీ రెండు ప్రశ్నలు వస్తాయి. ఆ మాట ఆ రాత్రే అధికారికి చెప్పాడా? ఆ రాత్రికి ముందే చికిత్స తీసుకుంటున్నట్టు మందుచీటీలు, ఇన్‌హేలర్ బిల్లులు ఉన్నాయా? రెండింటికీ అవునంటే ఆ కాగితాలను ఈరోజే లాయరు చేతికివ్వండి. ఇప్పుడు కొత్తగా డాక్టరు దగ్గరికి వెళ్లి పాత తేదీతో సర్టిఫికెట్ రాయించే ఆలోచన ఉంటే ఇక్కడితో మానేయండి. తాగి నడిపిన కేసు కాస్తా దొంగపత్రాల కేసు అవుతుంది. ఎలాగూ మీ తమ్ముడు రక్తం ఇచ్చాడు కాబట్టి, ఊదకపోవడం కంటే రక్తం రిపోర్టే ఇప్పుడు ముఖ్యం.

అందుకే ఆ రక్తం ఎలా తీశారన్నదాని మీద దృష్టి పెట్టండి. తనను అరెస్టు చేసింది ఎన్ని గంటలకు, డాక్టరు చూసింది ఎన్ని గంటలకు అన్నది మీ తమ్ముడిని అడిగి ఇప్పుడే కాగితం మీద రాయించండి. 185 కింద అరెస్టయిన వ్యక్తికి రెండు గంటల లోపు వైద్య పరీక్ష జరగాలని, లేకపోతే కస్టడీ నుంచి వదిలేయాలని సెక్షన్ 202 అంటుంది. ఆలస్యమైతే కేసు మొత్తం కొట్టేయాలని అందులో లేదు. రిపోర్టు విలువను ప్రశ్నించడానికి మాత్రం అది పనికొస్తుంది. సూది గుచ్చే ముందు చేతిని దేనితో తుడిచారో గుర్తుందేమో అడగండి. స్పిరిట్ దూదితో తుడిస్తే నమూనాలో బయటి ఆల్కహాల్ కలిసే అవకాశం ఉంది, అందుకే ఈ పరీక్షకు స్పిరిట్ లేనిది వాడాలి. సీసాలో సోడియం ఫ్లోరైడ్ వేశారా, వేయకపోతే నిల్వలో పులిసే అవకాశం ఉంటుంది. సీలు ఎవరి ముందు వేశారు, ల్యాబుకు ఏ రోజు చేరింది అన్నవి ఛార్జిషీటుతో వచ్చే కాగితాల్లో తెలుస్తాయి. డిఫెన్సు అంటే నా దృష్టిలో ఈ పని. రోడ్డు మీద ఊదనని మొండికేయడం డిఫెన్సు కాదు.

రిపోర్టులో ఏముండవచ్చో మీరే అంచనా వేసుకోవచ్చు. ‘ఒక్క బీరే తాగాడు’ అని రాశారు. ఏడు శాతం ఆల్కహాల్ ఉండే 650 మిల్లీలీటర్ల సీసా 70 కిలోల మనిషిలో సుమారుగా 70 దాకా చూపించగలదు. శరీరం గంటకు దాదాపు 15 చొప్పున తగ్గించుకుంటూ వస్తుంది. అంటే 30 లోపుకు రావడానికి మూడు గంటలు. ఊదకుండా కాలయాపన చేస్తే దిగిపోతుందనే ఆశ 40, 45 దగ్గర ఉన్నవాళ్లకు ఒక్కోసారి పనికొస్తుందని ఒప్పుకోవాలి. కానీ చివరి గ్లాసు తాగి అరగంటే అయి ఉంటే అంకె ఇంకా ఎక్కుతూనే ఉంటుంది, ఆసుపత్రికి చేరేసరికి ముందుకంటే ఎక్కువే రావచ్చు. ఏ దశలో ఉన్నాడో తాగినవాడికి తెలియదు. రాత్రి బాగా తాగి పడుకుని పొద్దున్నే ఆఫీసుకు బయల్దేరి పట్టుబడేవాళ్లదీ ఇదే లెక్క.

రిపోర్టు 30 లోపు వస్తే 185లోని ఆల్కహాల్ ఆరోపణకు ఆధారం పోయినట్టే, ఊదలేదన్న మాటకు బలం మిగలదు. అంతకు మించి వస్తే, సమయాలూ సీలూ సరిగ్గా ఉంటే, మొదటి తప్పుగా ఒప్పుకుని తక్కువ శిక్ష కోరడమే మంచిదని నా అభిప్రాయం. రిపోర్టు చూడకుండా మాత్రం ఒప్పుకోవద్దు. ఏదో ఒకటి ఒప్పేసుకుని పని ముగించుకుందామనే సలహా కోర్టు ఆవరణలో తిరిగే మధ్యవర్తుల నుంచి తప్పకుండా వస్తుంది.

ఆ రాత్రి ఎవరికీ దెబ్బ తగల్లేదు, అది అదృష్టం. ప్రమాదం జరిగి ఉంటే ఊదకపోవడం ఇన్సూరెన్స్ దగ్గర కూడా ఆదుకునేది కాదు. 2007లో ఢిల్లీలో ఇండియా గేట్ దగ్గర జరిగిన పోర్షే కారు ప్రమాదం కేసులో 2021లో సుప్రీంకోర్టు, శ్వాస, రక్త పరీక్షలు లేకపోయినా మద్యం మత్తులో నడిపాడని ఇతర ఆధారాలతో బీమా సంస్థ రుజువు చేసుకోవచ్చని చెప్పి, సొంత కారు నష్టపరిహారాన్ని నిరాకరించడాన్ని సమర్థించింది. మనిషి చనిపోతే పోలీసులు న్యాయ సంహితలోని 105, అంటే హత్య కిందికి రాని నరహత్య వైపు వెళ్లే అవకాశం ఉంది, ప్రాణం పోవచ్చని తెలిసీ చేసినదానికి దానిలో పదేళ్ల వరకు శిక్ష ఉంటుంది.

చివరికి వీసా. అమెరికా వీసా దరఖాస్తు అయిన డీఎస్-160 ఫారంలో శిక్ష పడిందా అని మాత్రమే అడగరు, ఎప్పుడైనా అరెస్టయ్యారా అని అడుగుతారు. కేసు రేపు కొట్టేసినా ఆ అరెస్టు జరిగినట్టే, కాబట్టి అవునని రాయాలి. అబద్ధం బయటపడితే దాని ఫలితం తాగి నడిపిన కేసు కంటే చాలా ఎక్కువ కాలం వెంటాడుతుంది. మద్యానికి సంబంధించిన అరెస్టు ఇటీవలిదైతే కాన్సులేటు తన జాబితాలోని డాక్టరు దగ్గరికి పంపి పరీక్ష చేయించే పద్ధతి ఉంది, దానికి కొన్ని వారాలు అదనంగా పట్టవచ్చు, కాబట్టి స్లాటు ముందుగా చూసుకోండి. ఇంటర్వ్యూకు కోర్టు తీర్పు సర్టిఫైడ్ కాపీ, జరిమానా రసీదు, రక్తం రిపోర్టు వెంట ఉండాలి. కాపీకి దరఖాస్తు తీర్పు వచ్చిన రోజే పెట్టండి, తర్వాత అంటే రికార్డు రూముకు తిరగాల్సి వస్తుంది.